పెన్న లోయలో ఒక పగటి నడక



ఈ నెల ఈ పుటలో ఒక తప్పును గురించి రాయవలసి ఉన్నది. ఆ తప్పు ఎవరిదో కాదు, నాదే. ముప్పై ఏళ్ళుగా పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్న ఈ చేయి ఒక పిల్లవాని పుటను అన్యాయంగా కొట్టివేసింది. ఆ సంగతి నాకు అర్థం కావడానికి పెన్నా నది లోయలో ఒక రోజంతా నడవవలసి వచ్చింది.

మా మదరసాలో అస్ర్ నమాజు తరువాత పిల్లలకు తెలుగు, సాంఘికశాస్త్రం కూడా చెబుతాము. మొన్న చలికాలం మొదట్లో, "మన కడప జిల్లాలోని ఒక చారిత్రక గ్రామం" అన్న అంశంపై రెండు పుటలు రాసి తెమ్మన్నాను. పద్దెనిమిది మంది రాశారు. ఎక్కువమంది గండికోటను ఎంచుకున్నారు. కొందరు సిద్ధవటం గురించి రాశారు. ఒక పదమూడేళ్ళ పిల్లవాడు మాత్రం తన సొంత ఊరి గురించి రాశాడు. ఆ ఊరు ఇప్పుడు గండికోట జలాశయం అడుగున ఉన్నది. ఊళ్ళో ఎన్ని బావులుండేవో, ఏ వేపచెట్టు కింద ఎవరు కూర్చునేవారో, మస్జిదు గోడకు ఏ రాయి వాడారో, ఎవరి పాతరలో ఎన్ని బస్తాల జొన్నలు పట్టేవో రాశాడు. రాజుల పేర్లు లేవు. తేదీలు లేవు. నేను ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, "అంశం ఇది కాదు. చారిత్రక గ్రామాన్ని గురించి రాయవలెను" అని రాసి తిరిగి ఇచ్చాను.

అతడు మారు మాట లేకుండా పుస్తకం తీసుకున్నాడు. మూడవ రోజు ఇషా నమాజు తరువాత నా గది గుమ్మం వద్ద నిలబడ్డాడు.

"హజ్రత్, చారిత్రక గ్రామం అంటే ఏది?"

"పూర్వం రాజులు ఏలినది, కోటగాని, శాసనంగాని, పాత కట్టడంగాని ఉన్నది," అన్నాను.

"మా ఊళ్ళో కోట లేదు హజ్రత్. ఇప్పుడైతే మా ఊరే లేదు. లేకుండా పోయిన ఊరు చరిత్ర కాదా?"

అరబ్బీ వ్యాకరణంలో చిక్కు ప్రశ్న వేసినా తడుముకోని నేను ఆ రాత్రి తడుముకున్నాను. చివరకు, "వచ్చే గురువారం అందరం పెన్న లోయకు పోదాం. అక్కడ చూసి చెబుతాను," అన్నాను. భూమిలో సంచరించండి, మీకు పూర్వం గతించినవారి పర్యవసానం చూడండి అన్న దైవాదేశాన్ని ఎన్నోసార్లు పాఠంగా చెప్పినవాడినే. ఈసారి ఆ పాఠం నేను నేర్చుకోవలసి వచ్చింది.

ఫజ్ర్ నమాజు చేసుకొని చిన్న వ్యానులో బయలుదేరాము. పన్నెండుగురు పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఆ పిల్లవాని జేజినాయన. ఆయనకు డెబ్బై దాటాయి. చేతిలో వేపకర్ర, భుజాన జొన్నరొట్టెల మూట. "నడవగలరా?" అని అడిగితే, "మీరు అలిసిపోతే చెప్పండి హజ్రత్, కూచుందాం," అన్నారు. ఆ తరువాత ఆ ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగలేదు.

మొదట జమ్మలమడుగుకు కొద్ది దూరంలో పెన్న ఎడమ గట్టున ఉన్న దానవులపాడు వద్ద ఆగాము. సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు. నదిలో నీటికంటె ఇసుకే ఎక్కువ. పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప, నెల్లూరు సీమల మీదుగా దాదాపు 600 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దుప్పటి కప్పుకొని నిద్రపోతుంది. వరద వచ్చినప్పుడు మాత్రం ఊళ్ళను కూడా కప్పివేయగలదు.

దానవులపాడులో జరిగింది అదే. వెయ్యేళ్ళ కిందట ఇక్కడ జైనుల క్షేత్రం ఉండేది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు 10వ శతాబ్దిలో ఇక్కడ తీర్థంకరుని అభిషేకానికి రాతిపీఠం చేయించాడు. శ్రీవిజయుడనే దండనాయకుని స్మారక శాసనం కూడా ఇక్కడే దొరికింది. తరువాత కాలంలో జనం వెళ్ళిపోయారు, ఇసుక వచ్చింది. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో పురావస్తు శాఖవారు తవ్వేవరకు ఆ గుడులు ఇసుక కిందే ఉన్నాయి. కొన్ని శిల్పాలు ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి.

"ఊరంతా ఇసుకలో పూడిపోతే ఇంద్రుని పేరు ఎట్లా తెలిసింది హజ్రత్?" అని ఒక చిన్నవాడు అడిగాడు.

"రాతి మీద రాసి ఉన్నది గనుక," అన్నాను.

అన్న వెంటనే నా మాట నాకే తగిలింది. ఇదే జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ అనే పల్లె ఉన్నది. 6వ శతాబ్దిలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని నాటి శాసనం అక్కడ ఉన్నది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాలలో దానిని ముందు వరుసలో చెబుతారు. ఆ రాయి లేకుంటే కలమళ్ళ పేరు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండేది కాదు. చుట్టుపక్కల పల్లెలలోనూ ఆనాడు మనుషులు పుట్టారు, దున్నారు, నవ్వారు, మరణించారు. వారి సంగతి ఎవరూ రాయలేదు. కాబట్టి అవి "చారిత్రక గ్రామాలు" కాలేదు. ఊరిని చారిత్రకం చేసేది రాజు కాదు, రాత. మరి రాసి తెచ్చినవాని పుస్తకాన్ని నేను కొట్టివేశాను.

నేను ఆ పిల్లవాని వైపు చూశాను. అతడు ఇసుకలో వేలితో ఏదో గీస్తూ, చెరుపుతూ ఉన్నాడు.

జమ్మలమడుగులో టీ తాగి, ఊరు దాటిన తరువాత వ్యాను దిగాము. అక్కడినుంచి గండికోట వరకు కాలినడక. జమ్ము మొలిచే మడుగు అన్నదే జమ్మలమడుగు అయిందని ఆ ప్రాంతంవారు చెబుతారు. దారికి రెండు వైపులా నల్లరేగడి చేలు. చలికాలపు మంచును నమ్ముకొని పెరిగే శనగ పైరు మోకాలెత్తున ఉన్నది. పొలాల గట్లకు నాపరాళ్ళు నిలువుగా పాతి కంచె వేశారు. ఇతర ప్రాంతాలవారు కడప బండలు అని కొనుక్కునే రాళ్ళు ఇవే. ఇక్కడ అవి ఇంటి నేల, ఇంటి కప్పు, అరుగు, పశువుల దొడ్డి గోడ, చివరకు సమాధి రాయి కూడా. జేజినాయన ఒక రాతిని కర్రతో తట్టి, చెవి ఒగ్గి, "ఇది మంచి రాయి. గంట మోగినట్టు మోగాల. మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు," అన్నారు. పిల్లలందరూ రాళ్ళు తట్టడం మొదలుపెట్టారు. అరకిలోమీటరు దాకా ఆ చప్పుడు ఆగలేదు.

కొండ దగ్గరపడినకొద్దీ నేల నలుపు తగ్గి ఎరుపెక్కింది. ఇవి ఎర్రమల కొండలు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి గట్టి రాతిపొరకు "గండికోట క్వార్ట్‌జైట్" అనే పేరే పెట్టారు. పూర్వపు సముద్రపు ఒడ్డున పేరుకొన్న ఇసుక, కాలక్రమంలో బిగిసి రాయి అయింది. దాని వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైబడినది. ఆ రాతిని పెన్న నీరు కోసుకుంటూ పోయి లోయ చేసింది. లోయకు గండి అని పేరు. గండి పక్కన కట్టిన కోట గండికోట.

పది గంటలు దాటాక కోట వాకిలి చేరాము. కోటలో ఇప్పటికీ ఊరున్నది. ముగ్గులు, మేకలు, అరుగుల మీద ముసలివారు, పలకలు పట్టుకొని పరుగెత్తే పిల్లలు. చాలామంది యాత్రికులు ఆ ఊరి మధ్యనుంచే నడిచి పోతూ ఆ ఊరిని చూడరు. నేరుగా లోయ అంచుకు పోయి ఫొటోలు తీసుకుంటారు. మేము ఒక అరుగు దగ్గర ఆగి, సలాములు, నమస్కారాలు అయిన తరువాత, కుండలోని నీళ్ళు అడిగి తాగాము. ఆ ఇంటి పెద్దమ్మ, "ఎంత దూరం నుంచి నడిచొస్తాండారు నాయనా?" అని అడిగి, పిల్లలకు గుప్పెడేసి చనక్కాయలు ఇచ్చింది.

కోట చరిత్ర పిల్లలకు కొంత తెలుసు. విజయనగర కాలంలోను, ఆ తరువాతను పెమ్మసాని నాయకులు ఏలారు. మాధవరాయస్వామి ఆలయం, రంగనాథాలయం ఆనాటి పనితనానికి సాక్ష్యాలు. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాహ్ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. ఆయన ఇరాన్‌లోని అర్దస్తాన్‌వాడు. తరువాత మొగలుల కొలువులో చేరి బెంగాలు సుబేదారుగా ఉండి 1663లో మరణించాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. కోటకు ఎక్కే దారి ఎంత ఇరుకో, ఆయన దర్బారు ఎట్లా సాగేదో రాశాడు. మీర్ జుమ్లా చెప్పులు లేకుండా కూర్చొని, అందిన ఉత్తరాలను కాలివేళ్ళ సందున, చేతివేళ్ళ సందున ఇరికించుకొని, ఒక్కొక్కటి తీస్తూ లేఖకులకు జవాబులు చెప్పేవాడట. ఇది వినగానే పిల్లలు పడి పడి నవ్వారు. ఇద్దరు తమ కాలివేళ్ళ మధ్య శనగ ఆకులు పెట్టుకొని దర్బారు తీర్చారు.

అదే టావెర్నియే మరొక సంగతి కూడా రాశాడు. ఫిరంగులు పోయించడానికి మీర్ జుమ్లా ఆలయాల నుంచి లోహ విగ్రహాలను తెప్పించాడు. ఇది చెప్పనా, మాననా అని ఒక్క క్షణం ఆలోచించాను. తరువాత చెప్పాను. మనవారు కట్టినదాన్ని చూపించి, మనవారు చేసిన అన్యాయాన్ని దాచితే అది చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది. సాక్ష్యం మన మీద పడినా సత్యం వైపే నిలబడాలని మనకు నేర్పారు గదా. పిల్లలు నవ్వు ఆపి విన్నారు. అది వారికి అర్థమయిందనే అనుకుంటున్నాను.

జామియా మస్జిదు ఆలయానికి ఎంతో దూరంలో లేదు. విశాలమైన ప్రాంగణం, కమానుల వరుస, పైన రెండు మినార్లు. నిత్య జమాఅత్ లేదు. పావురాల కువకువే వినబడుతున్నది. గోడల గచ్చు మీద మనుషులు తమ పేర్లు గీకి వెళ్ళారు. తెలుగు పేర్లు, ఉర్దూ పేర్లు, పేర్ల మధ్య హృదయపు గుర్తులు. ఒక పిల్లవాడు, "రాస్తేనే చరిత్ర అన్నారు గదా హజ్రత్, వీళ్ళంతా రాశారు," అన్నాడు. నవ్వొచ్చింది. "ఇది రాయడం కాదు నాయనా, చెరపడం. వాళ్ళ పేరు నిలవడానికి ఇతరుల పనితనాన్ని గాయపరచారు," అన్నాను. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న కట్టడం గనుక మేము లోపల కొద్దిసేపు మౌనంగా నిలబడి బయటికి వచ్చాము. జుహ్ర్ నమాజు తరువాత, దూరాన, చెట్టు నీడన చేసుకున్నాము.

మస్జిదు పక్కనే ధాన్యాగారం. కమాను కప్పుతో, మందమైన గోడలతో ఏనుగులా కూర్చున్న కట్టడం. ముట్టడి పడితే కోటలోని సైన్యానికి నెలల తరబడి తిండి ఇక్కడినుంచే. పిల్లలు లోపలికి పోయి కేకలు వేసి ప్రతిధ్వని విన్నారు. జేజినాయన మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, "మా ఊరి పాతరలు దీనికి తమ్ముళ్ళు," అన్నారు.

అక్కడే ఆయన్ను కూర్చోబెట్టి పాతర సంగతి చెప్పించాము. నీరు ఊరని గట్టి నేలను చూసి, సన్నని మూతి, వెడల్పు కడుపు వచ్చేటట్టు గుంత తవ్వుతారు. అడుగున, చుట్టూ ఎండుగడ్డి దట్టంగా పరుస్తారు. జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తి మూసివేస్తారు. గాలి ఆడదు కాబట్టి పురుగు బతకదు. కరవు ఏడు వచ్చినా ఊరు ఆకలితో పడుకోదు.

"తీసేటప్పుడే ప్రమాదం," అన్నారు ఆయన. "మూత తీసి పూట సేపు వదిలెయ్యాల. మూసిన గింజ గాలిని చెడగొడతాది. తాడుకు దీపం కట్టి లోపలికి దించాల. దీపం నిలిస్తే మనిషి దిగొచ్చు. ఆరిపోతే ఎవురూ దిగకూడదు. ఆశపడి దిగినోళ్ళు మళ్ళా పైకి రాలేదు."

ముప్పై ఏళ్ళ సాంఘికశాస్త్రంలో నేను ఒక్కసారైనా ఈ పాఠం చెప్పలేదు. ఎందుకంటే ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. తరువాత గుర్తుకొచ్చింది, ఒక పుస్తకంలో చదివాను. నేను ఎర్ర గీత గీసిన పుస్తకంలో. "దీపం ఆరితే దిగరాదు" అన్న వాక్యం ఆ పిల్లవాని రెండవ పుటలో ఉన్నది. అప్పుడు నేను అక్షరదోషాలు చూశాను గాని వాక్యాన్ని చూడలేదు.

లోయ అంచున కూర్చొని భోజనం చేశాము. జొన్నరొట్టెలు, ఊరుబిండి, ఉల్లిగడ్డలు. రెండు వైపులా ఎర్రని రాతిగోడలు పలకలు పేర్చినట్టు నిలబడి ఉన్నాయి. లోతున పచ్చని నీరు కదలక మెదలక ఉన్నది. ఎవరో పిల్లవాడు, "ఈ నీరంతా పెన్నదేనా?" అన్నాడు.

దానికి జవాబు మన కాలపు చరిత్ర. పెన్నకు ఎగువన చిత్రావతి కలుస్తుంది. అయినా రెండింటిలోనూ ఏటా నమ్మదగిన నీరు లేదు. అందుచేత గాలేరు-నగరి పథకం కింద శ్రీశైలం నుంచి కృష్ణ వరద నీటిని గోరకల్లు, అవుకు జలాశయాల మీదుగా కాలువల్లో, సొరంగాల్లో గండికోట జలాశయానికి తెచ్చారు. దాని నిలువ సామర్థ్యం 26.85 టీఎంసీలు. అక్కడినుంచి పైడిపాలెం జలాశయానికి, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు నీటిని ఎత్తిపోస్తారు. చీనీ తోటలు బతికాయి. ట్యాంకర్ల కోసం బిందెలు వరుసపెట్టిన ఊళ్ళకు కొంత ఊరట కలిగింది. కరవు సీమలో పుట్టినవాడెవడూ ఈ నీటిని తక్కువ చేసి మాట్లాడలేడు. ఆ నీటి కోసం కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు నీళ్ళలో మునిగాయి. 2020లో నీటి నిలువ పెంచినప్పుడు జనం ఇళ్ళు విడిచి కదలవలసి వచ్చింది. మా పిల్లవాని ఊరు అట్లా పోయిన ఊళ్ళలో ఒకటి. అప్పుడు అతనికి ఏడెనిమిదేళ్ళు.

మధ్యాహ్నం తరువాత వ్యానులో జలాశయం వైపు పోయాము. ఒక చోట దిగి పాత తారు రోడ్డు వెంట నడిచాము. రోడ్డు మధ్యలో గడ్డి మొలిచింది. పక్కన ఒక మైలురాయి; దాని మీది ఊరి పేరు సగం చెరిగిపోయింది. మరికొంత దూరం నడవగానే రోడ్డు నేరుగా నీళ్ళలోకి దిగిపోయింది. వంపు లేదు, అడ్డు లేదు. రోజూ వెళ్ళే దారిన ఇంటికి వెళుతున్నంత నిమ్మళంగా వెళ్ళి నీటిలో మాయమైంది.

ఎవరూ మాట్లాడలేదు. జేజినాయన నీటి అంచున నిలబడి కర్ర ఎత్తి చూపారు. "అదో, ఆ కొంగ వాలిన కాడికి నేరుగా మస్జిదు. దానికి ఎడమ పక్క రచ్చబండ. రచ్చబండ ఎనక మా పాతర. ఆ పక్క ఖబరస్తాన్. మా నాయన, అమ్మ, నా పెద్దకొడుకు అక్కడే ఉండారు."

మాకు కనిపించింది నీరు మాత్రమే. కాని ఆయన కర్ర ఎక్కడా తడబడలేదు. తన ఇంట్లో చీకట్లో దీపం వెతికే మనిషి చేయివలె ఆ కర్ర ప్రతి గుమ్మాన్నీ తాకింది.

"పరిహారం ఇచ్చినారు హజ్రత్. కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. కొళాయిలో నీళ్ళొస్తాయి. నేనేం నిష్ఠూరమాడను. నీళ్ళు అందరికీ కావాల. కాకపోతే," అని ఆగి, "ఖబరస్తానుకు పోయి సలాం చెప్పి రావడానికి లేదు. ఈడ నిలబడి చెప్పిపోతా," అన్నారు.

ఆయన సలాం చెప్పారు. పిల్లలందరూ తమంతట తామే చేతులెత్తి దుఆ చేశారు.

నాకు హదీసు పాఠాలు గుర్తుకు వచ్చాయి. దైవప్రవక్త (స) మక్కా విడిచే వేళ వెనుదిరిగి ఆ ఊరిని చూసి, తనవారు వెళ్ళగొట్టకుంటే నిన్ను విడిచి పోయేవాణ్ణి కానని చెప్పుకున్నారు. హజ్రత్ బిలాల్ (రజి) మదీనాలో జ్వరంతో పడుకొని, మక్కా లోయలలో మొలిచే గడ్డిని తలచుకొని పద్యం చదువుకున్నారు. మహాపురుషులకు సైతం పుట్టిన నేల మీద బెంగ ఉండినది. దానిని ఎవరూ బలహీనత అనలేదు. ఆ బెంగను శిష్యులు జాగ్రత్తగా విని, రాసి, పధ్నాలుగు శతాబ్దాలు మోసుకొని వచ్చి మన చేతిలో పెట్టారు. నా చేతికి ఒక పిల్లవాడు తన బెంగను రెండు పుటలలో ఇచ్చినప్పుడు నేను దానిని అంశం కాదన్నాను.

అక్కడే ఆ పిల్లవాణ్ణి పిలిచి, పుస్తకం తెచ్చావా అని అడిగాను. సంచిలోనుంచి తీశాడు, తెచ్చాడు. నలుగురి ఎదుట తప్పు చేసినవాడు నలుగురి ఎదుటనే దిద్దుకోవాలి. "బిడ్డా, మొన్న నేను నీ పుటను అన్యాయంగా కొట్టివేశాను. నన్ను మన్నించు," అన్నాను. అతడు తలవంచుకొని, "అట్లా అనకండి హజ్రత్," అన్నాడు. నా గీత కింద నీలి సిరాతో, "అంశం ఇదే" అని రాశాను. ఎర్ర గీతను చెరపలేదు. అది కూడా ఉండాలి. ఉపాధ్యాయుడు కూడా తప్పు చేస్తాడన్నది పిల్లలకు తెలియవలసిన చరిత్రే.

తరువాత అతణ్ణే చదవమన్నాను. నీటి ఒడ్డున నిలబడి, గొంతు మొదట వణికినా, రెండు పుటలూ చదివాడు. మధ్యలో జేజినాయన రెండుచోట్ల సవరణలు చెప్పారు. ఫలానా బావి తవ్వించినది ఆయన తాత కాదు, తాత అన్న. మస్జిదు కప్పుకు రాళ్ళు మోసినవారిలో ఊరి రెడ్లు, మాలమాదిగలు, దూదేకులవారు అందరూ ఉన్నారు. ఆ సంగతి రాయలేదేమి అని మందలించారు. పిల్లవాడు అక్కడే కూర్చొని అంచులో రాసుకున్నాడు. శాసనం చెక్కే రోజున కూడా బహుశా ఇట్లాగే ఎవరో పెద్దాయన పక్కన నిలబడి, పేరు తప్పు రాశావని అని ఉంటాడు.

ప్రియ పాఠకులారా, ఈ పుట చదువుతున్న మీలో ఎందరి ఊళ్ళో మారిపోయి ఉంటాయి. కొన్ని శ్రీశైలం జలాశయం కింద, కొన్ని నాగార్జునసాగరం కింద పోయాయి. కొన్ని నీరు లేక వలసలతో ఖాళీ అయ్యాయి. కొందరు హైదరాబాదులోను, బెంగుళూరులోను, గల్ఫు దేశాలలోను ఉండి ఈ మాసపత్రిక తెప్పించుకుంటున్నారు. మీ పిల్లలను కోటలకు తీసుకొనిపోండి, తప్పక పోవలసినదే. అంతకంటె ముందు ఒక రాత్రి భోజనాలైన తరువాత ఇంటి పెద్దవారి పక్కన కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడిగించండి. మన ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చింది? బావి ఎవరు తవ్వించారు? కరవు ఏడు ఏమి తిన్నారు? మస్జిదు కట్టినప్పుడు చేయి వేసిన ఇతర మతాలవారు ఎవరు? ఖబరస్తానులో పేరు లేని సమాధులు ఎవరివి? జవాబులను తేదీ వేసి, చెప్పినవారి పేరు రాసి, ఒక గట్టి అట్ట పుస్తకంలో భద్రపరచండి. మన విద్యాసంప్రదాయంలో చెప్పిన మాటకంటె చెప్పినవారి పేరు ముందు రాస్తారు. ఆ పద్ధతి మన ఇంటి చరిత్రకూ పనికివస్తుంది.

పెద్దవారు పాతరలవంటివారు. మూత తీయడానికి ఓపిక కావాలి. కాని మరీ ఆలస్యం చేస్తే లోపల గింజ ఉన్నదనే సంగతి కూడా ఎవరికీ తెలియకుండా పోతుంది.

మా తరగతిలో ఇప్పుడు ఒక పెద్ద పుస్తకం ఉన్నది. మొదటి పుటలో ఆ పిల్లవాని ఊరు ఉన్నది. దానిని నా చేతితో నేనే శుద్ధప్రతి రాశాను. అదే నేను విధించుకొన్న పరిహారం. రాసి అతనికి చూపించాను. శ్రద్ధగా చదివి, వేలు పెట్టి చూపి, మెల్లగా అన్నాడు:

"హజ్రత్, బావులు నాలుగు కాదు, అయిదు."

దిద్దుకున్నాను.